జంగిల్ కార్బైన్ భుజం కమిలిస్తుంటే: ముందు బట్ చూడండి

జంగిల్ కార్బైన్ అంటే బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో పొట్టి రకం, నంబర్ 5. దాంతో ఐదు రౌండ్లకే భుజం కమిలిందంటే మొదటి అనుమానం బట్ (భుజానికి ఆనించే వెనుక చెక్క) చివర ఉన్న రబ్బరు ప్యాడ్ మీదే. నంబర్ 5లో అది బట్ కంటే సన్నం. పైగా 1940ల నాటి రబ్బరు ఇప్పటికి రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. దెబ్బంతా చిన్న చోటే పడుతుంది. తుపాకీ బరువు సుమారు 3.2 కిలోలే, అదే రైఫిల్‌లో పొడవైన రకం నంబర్ 4 అయితే 4 కిలోలు దాటుతుంది. తూటా మాత్రం రెండింటికీ అదే .303, అందుకే తేలికైనది గట్టిగా తంతుంది.

1. పాత ప్యాడ్ ఊడదీయకండి, అసలు భాగం పోతే తుపాకీ విలువ పడిపోతుంది. దాని మీదే తొడుగు ప్యాడ్ ఎక్కించండి.

2. చాలామంది వదిలేసేది ఇది: బెంచీ మీదకి వంగి కాల్చడం. వంగితే బట్ మెడ పక్క ఎముక మీదికి జారుతుంది. తుపాకీ ముందు భాగం ఆనే దిమ్మ (రెస్ట్) ఎత్తు పెంచి నిటారుగా కూర్చోండి. ట్రిగర్ వైపు మోచేతిని కాస్త పైకెత్తితే భుజంలో గుంట పడుతుంది, బట్ అందులోనే ఆనాలి. రెండో చేత్తో ముందు చెక్కను పట్టి వెనక్కి లాగి ఉంచండి. తూటా పేలేదాకా ఆ పట్టు సడలకూడదు. మధ్యలో సందు ఉంటే తుపాకీ వేగం అందుకుని మరీ తగులుతుంది.

3. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఈ భంగిమ ముందు ఉత్తి తుపాకీతో సాధన చేయండి.

4. పొట్టి బారెల్ మోత వల్లే సగం ఉలికిపాటు. ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని, పైన చెవులను మూసే ఇయర్ మఫ్స్ కూడా వేసుకోండి.