జీడిపప్పు కొట్టుకి స్వైపింగ్ మిషన్ పెట్టే ముందు

అమ్మలూ,

కాశీబుగ్గలో కొట్టు తెరుస్తున్నావని, మిషన్ ఇస్తామంటూ ఏజెంట్లు అప్పుడే చుట్టూ తిరుగుతున్నారని మీ అమ్మ చెప్పింది. మిషన్ పెట్టు, అందులో ఆలోచించేదేం లేదు. ఊళ్లోవాళ్లకి క్యూఆర్ చాలు, కానీ నీ అసలు బేరం హైవే మీద విశాఖ వైపు, భువనేశ్వర్ వైపు పోయే కార్లవాళ్లది, వాళ్లు అయిదు కిలోలు, పది కిలోలు తీసుకుని క్రెడిట్ కార్డు బయటికి తీస్తారు, మా దగ్గర కార్డు చెల్లదంటే కిలోతో సరిపెట్టుకుని వెళ్లిపోతారు. శ్రీకాకుళంలో నా ఖాదీ కొట్లోనూ అంతే, పొందూరు పంచె ఒకటి చాలనుకుని వచ్చినవాళ్లు కార్డు చెల్లుతుందంటే మరో రెండు చూపించమంటారు.

ఏ మిషన్ అన్నది తర్వాత, ముందు ఎంత కోస్తారో చూడు. "మిషన్ ఫ్రీ మేడమ్" అని ఏజెంటు అక్కడితో ఆపేస్తాడు. నువ్వు ఆపకు. నెలకి అద్దె ఎంత, ఒక్క బిల్లూ కొట్టని నెలలో కూడా ఆ అద్దె కట్టాలా, ఏడాది లోపు తిరిగి ఇచ్చేస్తే ఏమైనా పట్టుకుంటారా, ఇవన్నీ కాగితం మీద రాయించు. ఆ తర్వాత కోత, అంటే ప్రతి కార్డు బిల్లులోంచి బ్యాంకు పట్టుకునే శాతం, దాన్నే ఎండీఆర్ అంటారు. రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి నుంచి ఇది లేదు. మిగతా డెబిట్ కార్డులకి రిజర్వ్ బ్యాంకు హద్దు పెట్టింది, ఏడాదికి 20 లక్షల లోపు అమ్మే కొట్లకి మిషన్ మీద 0.40 శాతం దాటకూడదు, ఎంత పెద్ద బిల్లయినా 200 రూపాయలు దాటకూడదు. అమ్మకం 20 లక్షలు దాటితే అది 0.90 శాతం, 1000 రూపాయలు. క్రెడిట్ కార్డుకి మాత్రం అలాంటి హద్దు లేదు, నువ్వు గట్టిగా బేరమాడాల్సింది దాని మీదే.

లెక్క వేసి చూపిస్తాను. 4500 రూపాయల బిల్లు అనుకో. క్రెడిట్ కార్డుకి రెండు శాతం అంటే 90 రూపాయలు, ఆ 90 మీద 18 శాతం జీఎస్టీ 16 రూపాయల 20 పైసలు, మొత్తం 106 రూపాయల 20 పైసలు పోయి నీ ఖాతాలో 4393 రూపాయల 80 పైసలు పడుతుంది. అదే డెబిట్ కార్డయితే, 0.40 శాతం చొప్పున, జీఎస్టీతో కలిపి 21 రూపాయలు పోతాయి. అందుకే "మాది ఒకటే రేటు, ఏ కార్డైనా రెండు శాతం" అనేవాడి దగ్గర తీసుకోకు, డెబిట్ కార్డుల మీద కూడా నీ దగ్గర అంతా గుంజుతున్నాడన్నమాట. ఉద్దానం నుంచి విదేశాలకి వెళ్లినవాళ్లు సెలవులకి వచ్చినప్పుడు అక్కడి కార్డులు ఇస్తారు, వాటి రేటు ఇంకా ఎక్కువ, అది కూడా విడిగా అడుగు.

ఆ కోతని కొనేవాళ్ల మీద వేయకు తల్లీ. "కార్డుకి రెండు శాతం ఎక్స్‌ట్రా" అని అట్ట ముక్క తగిలించే కొట్లు మన జిల్లా నిండా ఉన్నాయి, నాకు చూస్తేనే మండుతుంది. డెబిట్ కార్డు మీద అలా వసూలు చేయనివ్వకూడదని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకి చెప్పింది, క్రెడిట్ కార్డుకీ నువ్వు సంతకం పెట్టే అగ్రిమెంటులో చాలావరకు అదే ఉంటుంది. జీడిపప్పులో గుండుకీ, బద్దకీ, ముక్కకీ ధర కట్టేటప్పుడే ఆ ఖర్చు కలిపి చూసుకో.

మిషన్ల సంగతి. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపే చిన్నది చవక, కానీ అందులో కాగితం రాదు, రసీదు మెసేజ్‌లో వెళ్తుంది, పైగా ఫోన్ నువ్వు పట్టుకెళ్లిపోతే కొట్లో కుర్రాడి చేతిలో ఏమీ ఉండదు. నీకు సిమ్ వేసి, రోల్ నుంచి స్లిప్ వచ్చే పెద్దదే మంచిది, వైఫైకి కూడా కలిసేది తీసుకో. ఆ స్లిప్పులు ఎండ తగిలితే కొన్నాళ్లకి తెల్ల కాగితాలైపోతాయి, పెద్ద బిల్లులవి ఫోటో తీసి పెట్టుకో. నెట్‌వర్క్ పోయే రోజులూ ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు కరెంటు, సెల్ టవర్లు ఏ గతి పట్టాయో నువ్వూ చూశావు కదా, గల్లాపెట్టెలో చిల్లర ఎప్పుడూ ఉంచుకో.

కార్డు ఎప్పుడూ కొనేవాళ్ల కళ్ల ముందే ఉండాలి, మిషన్ వాళ్ల దగ్గరికి వెళ్లాలి గానీ కార్డు లోపలికి వెళ్లకూడదు. పిన్ వాళ్లే నొక్కాలి, "పిన్ చెప్పండి సార్" అని మీ కుర్రాడు అరవకుండా మొదటి రోజే చెప్పు. 5000 లోపు ఆనించి తీసేసే కార్డులకి పిన్ అడగకపోవచ్చు, కంగారు పడకు. "డబ్బు కట్ అయింది, మెసేజ్ వచ్చింది" అని ఫోన్ చూపిస్తే మాత్రం సంచి చేతికి ఇవ్వకు. మిషన్ మీద అప్రూవ్డ్ అని రావాలి, అదే లెక్క. రాకపోతే ఫెయిలైన స్లిప్ వాళ్లకి ఇచ్చి, అయిదు రోజుల్లో బ్యాంకే వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని నెమ్మదిగా చెప్పు.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తున్నాను. "అక్కా, పదివేలు గీకి క్యాష్ ఇవ్వండి, మూడొందలు మీరే ఉంచుకోండి" అని తెలిసినవాళ్లే వస్తారు, ఆసుపత్రి ఖర్చు అంటారు, పిల్లల ఫీజు అంటారు. ఎవరికీ చేయకు. సరుకు ఇవ్వకుండా గీకితే అది దొంగ బిల్లు, దొంగిలించిన కార్డయితే బ్యాంకు ఆ పదివేలు నీ దగ్గరే వెనక్కి లాగుతుంది, మిషన్ ఆపేస్తుంది, పైగా అదంతా నీ అమ్మకంగానే లెక్కలోకి ఎక్కుతుంది. నిజంగా కష్టంలో ఉన్నవాళ్లకి చేతిలో ఉన్నది అప్పుగా ఇవ్వు. సరుకు వెనక్కి తెచ్చినా అంతే, అదే కార్డుకి మిషన్‌లో రిఫండ్ కొట్టు, గల్లాలోంచి నోట్లు తీయకు.

"కేవైసీ గడువు అయిపోయింది, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయ్.

రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు రోజు మొత్తం స్లిప్ తీసి పుస్తకంలో అంటించు, మర్నాడు బ్యాంకులో పడిన మొత్తంతో సరిచూడు, ఆదివారాలు, సెలవులు వస్తే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. మొదటి నెల స్టేట్‌మెంట్ రాగానే కాగితంలో రాసిన రేట్లే కోశారో లేదో ఒక్కో వరసా చూడు, తేడా ఉంటే ఏజెంటుకి ఫోన్ చేసి ఊరుకోకుండా బ్యాంకుకి మెయిల్ పెట్టు, నాకూ పంపు.

మీ అత్త