యుద్ధమా, దౌత్యమా అన్న పాఠం చెప్పబోతున్న అమ్మాయికి

చెన్నై, పశ్చిమ మాంబళం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాసే ఉత్తరం.

సంక్షోభం వచ్చినప్పుడు దేశాధినేత యుద్ధాన్ని ఎంచుకోవాలా, దౌత్యాన్ని ఎంచుకోవాలా అన్న పాఠాన్ని వచ్చే నెలలో మీ డిగ్రీ పిల్లలకు చెప్పాలనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. ఇక్కడ ఉద్యోగం చేసినంత కాలం ఆ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి, నాకు పట్టుబడిన పద్ధతిని నీకు వివరంగా రాస్తున్నాను. మీ బెంగళూరు తరగతిలో హిందూపురం నుంచీ కోలారు నుంచీ వచ్చిన పిల్లలు ఎక్కువమంది ఉన్నారన్నావు. ఎక్కడి పిల్లలైనా మొదటి రోజు సగం మంది కొట్టి తీరాలంటారు, మిగిలిన సగం మంది మాట్లాడుకోవాలంటారు. వాళ్ల చేత చేతులెత్తించే పని మాత్రం పెట్టుకోకు. ఒకసారి చెయ్యెత్తిన పిల్లవాడు ఆ పీరియడంతా తన మాట నిలబెట్టుకోవడానికే చూస్తాడు గాని ఆలోచించడు.

అసలు ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టడం దగ్గరే పొరపాటు ఉంది. రాయబారం పద్యాలు వింటూ పెరిగిన ఇళ్ల పిల్లలకు ఇది చెప్పడం కష్టం కాదు: ఒకవైపు ఐదూళ్లయినా ఇమ్మని అడుగుతూ ఉండగానే మరోవైపు ఉపప్లావ్యంలో సేనలు కూడుతూనే ఉన్నాయి. అందుచేత నాయకుడు ఏ దారి పట్టాడని అడగడం కంటే, తనకు ఎంత వ్యవధి సంపాదించుకున్నాడు, ఎదుటివాడికి ఎంత వ్యవధి మిగిల్చాడు అని అడగడం నేర్పు. నా పాఠమంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచేది.

క్యూబా సంక్షోభంతో మొదలుపెట్టు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన సమావేశాలను రహస్యంగా టేపు చేయించుకోవడం వల్ల, ఆ గదిలో ఎవరు ఏమన్నారో మనం ఇవాళ చదువుకోగలుగుతున్నాం. 1962 అక్టోబరు 14న అమెరికా గూఢచారి విమానం యూ-2 తీసిన ఫొటోల్లో క్యూబాలో సోవియట్ క్షిపణి స్థావరాలు కనబడ్డాయి. 16వ తేదీ ఉదయం ఆ సంగతి కెనెడీకి తెలియజేశారు. ఆ రోజు ఆయన మొగ్గు వైమానిక దాడి వైపే ఉంది. ఈ విషయాన్ని పిల్లలకు నొక్కి చెప్పు. ఆయన మొదటి నుంచీ శాంతికాముకుడన్నట్టు చెబితే నేర్చుకోవలసిందంతా పోతుంది. ఆయన చేసిన గొప్ప పని ఆ వార్తను 22వ తేదీ రాత్రి దాకా ప్రజలకు తెలియనివ్వకపోవడం. అది ముందే పొక్కి ఉంటే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు సభ్యులూ పత్రికలూ తక్షణం జవాబు చెప్పమని నిలదీసేవారు, మొదట తోచినదే చివరి నిర్ణయమై కూర్చునేది. ఆ నడుమ రోజుల్లో సైనికాధిపతులు దాడికే పట్టుబట్టారు. క్యూబాను ఓడలతో దిగ్బంధించి సరిపెట్టడం 1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్సులు హిట్లర్‌కు లొంగిపోయినంత పని అని వైమానిక దళాధిపతి లెమే ఆయన ముఖం మీదే అన్నాడు. అయితే దాడి చేస్తే క్షిపణులన్నీ నాశనమవుతాయని హామీ ఇవ్వగలరా అని గుచ్చి అడిగినప్పుడు, ఇవ్వలేమని వైమానిక దళం వారే ఒప్పుకోవలసి వచ్చింది. నిపుణుడి అభిప్రాయాన్ని గౌరవించడం వేరు, ఆ అభిప్రాయం ఏ లెక్క మీద నిలబడిందో అడగడం వేరు అని పిల్లలకు ఇక్కడే బోధపడుతుంది. చివరికి ఎంచుకున్న నౌకా దిగ్బంధనంలో బలప్రయోగం ఉంది, అయినా తొలి తూటా పేల్చవలసిన అవసరం లేదు. అట్లాంటిక్ మీద ఓడలు ప్రయాణించే రోజులన్నీ సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌కు ఆలోచించుకోవడానికి మిగిలాయి.

27వ తేదీ శనివారానికి ఒక పూర్తి పీరియడు కేటాయించు. క్యూబాను ఆక్రమించబోమని మాట ఇస్తే చాలన్న ధోరణిలో క్రుశ్చేవ్ ఉత్తరం శుక్రవారం వచ్చింది. శనివారం నాడు టర్కీలోని అమెరికా క్షిపణులను కూడా తీసెయ్యాలన్న రెండో ఉత్తరాన్ని మాస్కో రేడియో లోకమంతటికీ వినిపించింది. అదే రోజు క్యూబా మీద యూ-2 విమానం కూలిపోయి, దాన్ని నడుపుతున్న మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. విమానాన్ని కూల్చితే ఆ స్థావరం మీద వెంటనే దాడి చేయాలని ముందే అనుకుని ఉన్నారు, గదిలో ఉన్నవారిలో పలువురు దాన్ని గుర్తు చేశారు కూడా, కెనెడీ ఆగమన్నాడు. నిజానికి ఆ విమానాన్ని కూల్చమని మాస్కో ఆజ్ఞ ఇవ్వలేదు, అక్కడి సోవియట్ అధికారులే ఆ నిర్ణయం తీసుకున్నారు. ఆ సంగతి ఆ సాయంత్రం వాషింగ్టన్‌లో ఎవరికీ తెలియదు. ఎదుటివాడి సైన్యం చేసిన ప్రతి పనీ ఎదుటివాడి ఆజ్ఞే అనుకోకుండా ఒక్క రాత్రి ఓపిక పట్టడం ఎంత బరువైన పనో పిల్లలు ఊహించుకోవాలి. ఆ రాత్రే కెనెడీ తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి డోబ్రినిన్‌ను కలిసి, టర్కీలోని క్షిపణులు కొన్ని నెలల్లో వెళ్లిపోతాయని, అయితే ఆ మాట బయటపడకూడదని చెప్పాడు. మర్నాడే క్రుశ్చేవ్ క్షిపణులను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. 1963 ఏప్రిల్ నాటికి టర్కీలోని ఆ జూపిటర్ క్షిపణులూ కదిలిపోయాయి. ఆ రహస్యాన్ని అన్నేళ్లు దాచడం వల్ల గట్టిగా బెదిరిస్తే చాలు, ఎదుటివాడు దిగి వస్తాడన్న తప్పుడు పాఠాన్ని తర్వాతి నాయకులు తలకెక్కించుకున్నారని నా గట్టి అభిప్రాయం. నీ అభిప్రాయం వేరైతే దాన్నే చెప్పు.

ఆ దీవిలో అప్పటికే నలభై వేలకు పైగా సోవియట్ సైనికులూ, యుద్ధభూమిలో ప్రయోగించే చిన్న అణ్వాయుధాలూ ఉన్నాయన్న సంగతి అమెరికా వాళ్లకు 1992లో హవానాలో జరిగిన సదస్సులో గాని పూర్తిగా బోధపడలేదు. ఈ వాక్యాన్ని పాఠం చివరనే చెప్పు. దాడి చేయాలన్న పిల్లలు అప్పుడు తమంతట తామే నిశ్శబ్దమవుతారు, నువ్వు వాదించనక్కరలేదు.

అంతటితో ఆగితే, వేచి ఉండడమే ఎప్పుడూ మంచిదన్న భావం మిగిలిపోతుంది. అందుకని 1971ని వెంటనే ఎత్తుకో. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండ మొదలుపెట్టిన తర్వాత సుమారు కోటి మంది మన దేశంలోకి శరణార్థులుగా వచ్చారు. వానలు వస్తే తూర్పు బెంగాల్ నదులు సముద్రాలవుతాయని, చలికాలం వస్తే హిమాలయాల కనుమలు మూసుకుని చైనా బెడద తగ్గుతుందని, కాబట్టి వ్యవధి కావాలని అడిగానని జనరల్ మానెక్‌షా తర్వాత సభల్లో చెప్పేవారు. ఇందిరాగాంధీ ఏప్రిల్‌లోనే యుద్ధం చేయాలనుకున్నారన్న భాగాన్ని కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు. రెండు వాదనలూ పిల్లల ముందు పెట్టు. ఆ నెలల్లో ఆవిడ ఏం చేశారన్నది మాత్రం కాగితాల మీద ఉంది: ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, అక్టోబరు, నవంబరు నెలల్లో పాశ్చాత్య రాజధానుల పర్యటన, సరిహద్దుల్లో సైన్యం సన్నాహం, తూర్పు బెంగాల్ విమోచన సేన అయిన ముక్తివాహినికి శిక్షణ. ఆ ఒప్పందం లేకపోతే డిసెంబరులో భద్రతామండలి తీర్మానాలకు సోవియట్ వీటో అడ్డుపడేది కాదు, డిసెంబరు 16 దాకా యుద్ధం సాగనిచ్చేవారూ కాదు. అయితే ఆ వ్యవధికి మూల్యం చెల్లించింది ఢిల్లీ కాదు. శిబిరాల్లో కలరాతో చనిపోయిన పసిపిల్లలు చెల్లించారు, తూర్పు బెంగాల్ పల్లెల్లో ఇంకా చిక్కుకుని ఉన్నవాళ్లు చెల్లించారు. ఈ మాట చెప్పకుండా 1971 పాఠం ముగించడం న్యాయం కాదమ్మా.

వ్యవధి లేకుండా పోతే ఏమవుతుందో చెప్పడానికి మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన 1914 జూలై ఉంది. సెర్బియాకు ఆస్ట్రియా ఇచ్చిన గడువు 48 గంటలు, రష్యాకు జర్మనీ ఇచ్చిన గడువు 12 గంటలు. ఆగస్టు 1న జర్మన్ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ మనసు మార్చుకుని సైన్యాన్ని తూర్పుకు మాత్రమే నడిపించమంటే, లక్షల మందిని రైళ్లలో తరలించే ఏర్పాటు ఇప్పుడు మార్చలేమని సేనాధిపతి మోల్ట్కే బదులు చెప్పాడు. ఆ యుద్ధం ఐరోపా వాళ్ల గొడవ అని పిల్లలు అనుకోకుండా చూడు. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ ఈ మద్రాసు రేవుకే వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టింది. దాని గుండు తగిలిన చోట హైకోర్టు తూర్పు గోడకు ఫలకం పెట్టి ఉంది. విహారయాత్రకు పిల్లలను మెరీనాకు తీసుకువస్తే, ముందు ఆ గోడ దగ్గరికి తీసుకువెళ్లు.

ఇక పాఠం నడిపే తీరు. ఏ రోజు సంగతులు ఆ రోజువే చీటీల మీద రాసి పంచు, మర్నాటి చీటీ ఇచ్చే ముందు నిర్ణయం కాగితం మీద రాయించి తీసుకో. తెలివైన పిల్లవాడెవడైనా ముందుగానే చదువుకుని వచ్చి ముగింపు చెప్పేస్తే విసుక్కోకు, వాణ్ణి క్రుశ్చేవ్ కుర్చీలో కూర్చోబెట్టి తన పార్టీ అగ్రనాయకుల మండలి అయిన ప్రెసీడియంకు ఏమని సర్దిచెబుతాడో అడుగు. మార్కులు వేసేటప్పుడు యుద్ధం అన్నారా, సంధి అన్నారా అని చూడకు. ఎదుటివాడు కాదంటే మర్నాడు ఏం చేస్తారో రాశారా, ఆ ఆలస్యాన్ని ఎవరు భరిస్తారో రాశారా అన్నది చూడు. మ్యూనిక్‌లో దొరికిన ఏడాది వ్యవధి బ్రిటన్‌కు ఎక్కువ పనికొచ్చిందా, హిట్లర్‌కా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. చరిత్రకారులే ఇంకా తేల్చుకోని ప్రశ్న అది. తేలనిదని చెప్పి, ఇద్దరి ఆయుధాల ఉత్పత్తి లెక్కలూ వాళ్లచేతే వెతికించు.

టేపుల్లోని అక్టోబరు 16, 27 తేదీల సంభాషణల పుటలు జిరాక్స్ తీయించి, ఆదివారం బెంగళూరు వచ్చే మీ తమ్ముడి చేతికి ఇస్తున్నాను. బోర్డు మీద సారాంశం రాయకుండా, ఆ పుటలనే పిల్లలచేత పైకి చదివించు.

ఆశీస్సులతో,
పెదనాన్న