ముందు టేపు, తర్వాత టికెట్: మొబిలిటీ స్కూటర్‌తో క్రూజ్ ప్రయాణం

ప్రశ్న: మా నాన్నగారికి మోకాళ్లు అరిగిపోయి పదడుగులు కూడా వేయలేరు. మడత పెట్టే మొబిలిటీ స్కూటర్ (నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి) వాడతారు. క్రూజ్‌కి వెళ్దామని చూస్తే మామూలు క్యాబిన్లు చాలానే ఖాళీ ఉన్నాయి. అందులో ఒకటి తీసుకుని, రాత్రిపూట స్కూటర్‌ను తలుపు బయట పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: పెట్టనివ్వరండీ. క్యాబిన్ల మధ్య దారి అసలే ఇరుకు, ప్రమాదం వస్తే జనం బయటపడాల్సింది కూడా అటునుంచే. అక్కడ వదిలితే సిబ్బంది తీయించేస్తారు. స్కూటర్ నిలపడమైనా, చార్జింగైనా క్యాబిన్ లోపలే.

అందుకే డబ్బు కట్టకముందే టేపు తీయండి. కొలవాల్సింది చక్రాల దగ్గర కాదు, ఆర్మ్‌రెస్టుల బయటి అంచుల మధ్య. చాలా స్కూటర్లు అక్కడే ఎక్కువ వెడల్పుంటాయి. మామూలు క్యాబిన్ తలుపు చాలా ఓడల్లో 22, 23 అంగుళాలే. నడవలేనివాళ్ల కోసం కట్టిన యాక్సెసిబుల్ క్యాబిన్‌ది 32 అంగుళాల దాకా ఉంటుంది. 21 అంగుళాల స్కూటర్ 23 అంగుళాల తలుపులో పట్టదా అనిపిస్తుంది. పట్టదు. ఎందుకంటే బయటి దారిలోంచి నేరుగా కాదు, మలుపు తిప్పి దూర్చాలి, ఆ మలుపులోనే ఇరుక్కుంటుంది. ఎలాగో లోపలికి తోసినా మంచం పక్కన తిప్పుకోవడానికి చోటుండదు. పైగా మామూలు క్యాబిన్ బాత్రూమ్‌కు నీళ్లు బయటికి రాకుండా ఎత్తు గడప ఉంటుంది. యాక్సెసిబుల్ క్యాబిన్లో ఆ గడప ఉండదు, పట్టుకోవడానికి కడ్డీలు, కూర్చుని స్నానం చేసే సీటు ఉంటాయి.

ఇలాంటి క్యాబిన్లు ఏ ఓడలోనైనా కొన్నే, ముందే అయిపోతాయి. కంపెనీ ఇచ్చే ప్రత్యేక అవసరాల ఫారంలో స్కూటర్ పొడవు, వెడల్పు, బరువు, బ్యాటరీ రకం రాసి పంపండి. క్యాబిన్ నంబరు, తలుపు వెడల్పు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఏజెంటు ఫోన్లో "సరిపోద్దండీ" అంటే అది లెక్కలోకి రాదు.

మడిచి లోపల పెట్టుకుందామా అంటే, పాతిక కిలోల బరువును రోజూ పలుమార్లు ఎత్తే మనిషి కావాలి, తలుపు నుంచి మంచం దాకా నాన్నగారు నడవగలగాలి. మీరు రాసినదాన్నిబట్టి అది కుదిరే పని కాదు. యాక్సెసిబుల్ క్యాబిన్ దొరక్కపోతే తేదీ మార్చుకోండి.

ప్రశ్న: సింగపూర్‌లో ఓడ ఎక్కాలి. గన్నవరం నుంచి హైదరాబాద్ మీదుగా విమానంలో వెళ్తాం. స్కూటర్‌కు లిథియం బ్యాటరీ ఉంది. ఒప్పుకుంటారా?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లెక్క సరిపోతే ఒప్పుకుంటారు. బ్యాటరీ మీద రాసిన ఓల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి, వాట్ అవర్లు వస్తాయి. 24 ఓల్టులు, 10 ఆంపియర్ అవర్లయితే 240. స్కూటర్ నుంచి ఊడదీసే బ్యాటరీ ఒక్కటే ఉంటే 300 దాకా సరే. రెండు బ్యాటరీల స్కూటరైతే ఒక్కోటీ 160 దాటకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే: ఒక్కటిగా చెల్లే 240 బ్యాటరీ, జంటగా పెట్టుకుంటే చెల్లదు. లేబుల్ చెరిగిపోయిన బ్యాటరీకి కౌంటర్‌లో జవాబు చెప్పుకోలేరు, ముందే చూసుకోండి.

ఊడదీసిన బ్యాటరీని చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు. టెర్మినళ్లకు టేపు అంటించి, సంచిలో పెట్టి, చేతి సామానుగా విమానం క్యాబిన్లోకి తీసుకెళ్లాలి. సీల్డ్ లెడ్ యాసిడ్ రకానికి నిబంధనలు వేరు. యాసిడ్ నీళ్లు పోసే రకంతో మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దు, ఓడవాళ్లు కూడా వద్దంటారు.

విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. గన్నవరం, హైదరాబాద్ మధ్య చిన్న ఏటీఆర్ విమానమైతే సామాను తలుపు కొలత కూడా అడగండి. తాళంచెవి, బుట్ట, ఊడివచ్చే సీటు మీ దగ్గరే ఉంచుకోండి. చక్రాలను మోటారు నుంచి విడదీసి స్కూటర్‌ను చేత్తో నెట్టనిచ్చే ఫ్రీవీల్ లివర్ ఎటు తిప్పాలో బొమ్మ గీసి హ్యాండిల్‌కు కట్టండి. అది తెలియక లోడర్లు బ్రేకు పడి ఉన్న చక్రాలను ఈడ్చేస్తారు.

ప్రశ్న: ఓడలో చార్జింగ్‌కు జంక్షన్ బాక్స్ తీసుకెళ్లొచ్చా?
- ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దు. సామాను తనిఖీలో తీసేసుకుంటారు. ముఖ్యంగా సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే భాగం) ఉన్నవి. ఓడ వైరింగ్ మన ఇంటిలాంటిది కాదు, అక్కడ సర్జ్ ప్రొటెక్టర్ వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. చార్జర్ మీద 100-240 ఓల్టులు అని ఉందో లేదో చూడండి. చాలా ఓడల్లో 110 ఓల్టుల అమెరికా సాకెట్లే ఎక్కువ, 220 మాత్రమే తీసుకునే చార్జర్ వాటిలో పనిచేయదు. మన గుండ్రటి మూడు పిన్నులకు మామూలు అడాప్టర్ పట్టుకెళ్లండి.

ఇంకోటి. రాత్రి స్కూటర్‌ను ఫ్రీవీల్‌లో వదలకండి. ఓడ ఊగితే దానంతటదే దొర్లుతుంది. లివర్ డ్రైవ్ వైపు ఉంటేనే బ్రేకు పడుతుంది.

ప్రశ్న: మధ్యలో ఊళ్లు చూడటానికి అత్తయ్యగారిని స్కూటర్ మీదే దింపొచ్చా?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఓడ రేవు గట్టుకు ఆనుకుని ఆగితే దింపొచ్చు. గ్యాంగ్‌వే (ఓడకూ గట్టుకూ మధ్య వేసే వంతెన) వాలు అలలనుబట్టి మారుతుంది, ఏటవాలు ఎక్కువైతే సొంతంగా నడపనివ్వరు, సిబ్బంది పట్టుకుని దింపుతారు. లోతు తక్కువైన చోట ఓడ సముద్రంలోనే లంగరు వేసి చిన్న టెండర్ బోట్లలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది. అక్కడ స్కూటర్‌ను దాదాపు ఎక్కించరు. బోటుకూ ఓడకూ మధ్య మెట్టు అలతో పాటు పైకీ కిందికీ కదులుతుంది మరి. ముంబయి నుంచి లక్షద్వీప్ వెళ్లే క్రూజ్‌లో అంతే, సింగపూర్ నుంచి ఫుకెట్ వెళ్లే పెద్ద ఓడలూ చాలావరకు అంతే. పెనాంగ్‌లో మాత్రం గట్టుకే ఆనుతాయి. బుక్ చేసేముందు ప్రతి ఊరికీ "టెండరా, గట్టా?" అని అడగండి. మూడింట్లో రెండు టెండరైతే ఆ క్రూజ్ మీకు కాదు.

ఎక్కిన రోజు జరిగే రక్షణ డ్రిల్లులో ఆవిడ మెట్లు దిగలేరని చెప్పండి. అత్యవసర సమయంలో లిఫ్టులు వాడనివ్వరు, కుర్చీలో మోసుకెళ్లే సిబ్బందిని ఆవిడ పేరు ముందే రాయిస్తేనే కేటాయిస్తారు.

ప్రశ్న: భవానీ ద్వీపం బోటులో ఒకసారి ప్రాక్టీస్ చేయించమంటారా?
- ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఆ బోటు ఎక్కడానికి మెట్టు దాటాలి, క్రూజ్‌తో పోలిక లేదు. దానికంటే ఏదైనా మాల్‌లో రద్దీ లేని వేళ లిఫ్టులోకి నడిపి, రివర్స్‌లో బయటికి రావడం అలవాటు చేయండి. వేగం నాబ్ తాబేలు బొమ్మ వైపు పెట్టి మొదలుపెట్టండి. ఓడలో డిన్నర్ వేళ లిఫ్టులు కిటకిటలాడతాయి, లోపల తిప్పుకునే వీలుండదు.