బాన్ మీ దుకాణానికి వెళ్లే ముందు

కాకినాడ

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో దిగి మూడు వారాలైందని, విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఎక్కడ తిన్నా పూటకు పదిహేను డాలర్లకు తక్కువ కావడం లేదని మీ అమ్మతో చెప్పావట. స్టోరీ రోడ్డు వైపు బాన్ మీ అనే వియత్నాం శాండ్‌విచ్ అమ్మే ఒక దుకాణానికి వెళ్లావని, లోపల ఎవరూ పలకరించకపోయేసరికి ఏమీ కొనకుండా తిరిగి వచ్చేశావని కూడా చెప్పింది. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఆ దుకాణాలే నన్ను ఇరవై ఏళ్లు పోషించాయి. వాటి గుమ్మం దాకా వెళ్లి నువ్వు ఆకలితో వెనక్కి రావడం నాకు బాధగా ఉంది.

1999లో నేను అక్కడ సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేదాన్ని. మా వరుసలో సగానికి పైగా వియత్నాం ఆడవాళ్లే. ఒకరోజు డ్యూటీకి వెళుతూ ఒక్కదాన్నే అలాంటి దుకాణంలోకి వెళ్లి, బోర్డు మీద మొదట కనిపించిన ‘స్పెషల్’ ఇమ్మన్నాను. మన హోటళ్లలో స్పెషల్ అంటే ఒక కూర, ఒక స్వీటు ఎక్కువ అని కదా మన లెక్క. కారులో కూర్చుని కాగితం విప్పితే లోపల రెండు మూడు రకాల పందిమాంసం పొరలు, కాలేయంతో చేసిన ముద్ద. నాకు నోట మాట రాలేదు. దాన్ని పారేసి, పస్తుతో రాత్రంతా పనిచేశాను. నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడకు సంగతి తెలిసి, మర్నాడు నా చేయి పట్టుకుని అదే దుకాణానికి తీసుకెళ్లింది. నేను రాసేదంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

ముందు బోర్డు చదవడం నేర్చుకో. బాన్ మీ అంటే అసలు అర్థం రొట్టె, అంతే. బాన్ అంటే పిండితో చేసిన వంటకం, మీ అంటే గోధుమ. దాని పక్కన ఉన్న మాటే లోపల ఏముందో చెబుతుంది. గా అంటే కోడి. బో అంటే గొడ్డుమాంసం. హేయో అంటే పంది. తిత్ అంటే మాంసం, అయితే పక్కన ఏ జంతువు పేరూ లేకుండా ఒట్టి తిత్ అని ఉంటే అది చాలావరకు పందే అనుకో. తిత్ నూంగ్ అంటే నిప్పుల మీద కాల్చిన పందిమాంసం, చా లువా అంటే ఆకులో చుట్టి ఉడికించిన పందిమాంసపు ముద్ద, సియూ మాయి అంటే మాంసపు ఉండలు. ఓప్ లా అంటే పెనం మీద వేసిన గుడ్డు. దౌ హూ అంటే టోఫూ, సోయా పాలతో చేసే పనీర్ లాంటిది. నన్ను దెబ్బతీసిన ‘స్పెషల్’ను వాళ్ల భాషలో డక్ బియెట్ అంటారు, నువ్వు దాని జోలికి పోకు.

నువ్వు కోడి, గుడ్డు తింటావు, మిగతావి తినవు. అందుకని ఇది బాగా గుర్తుపెట్టుకో. కోడి శాండ్‌విచ్ అడిగినా రొట్టె లోపల పాటే రాసే దుకాణాలు ఉన్నాయి. పాటే అంటే కాలేయంతో చేసిన మెత్తని ముద్ద, ఎక్కువగా పంది కాలేయమే. బోర్డు మీద దాని పేరు ఉండకపోవచ్చు. ఎందుకంటే వాళ్ల లెక్కలో అది కూర కాదు, మనం ఇడ్లీ మీద నెయ్యి వేసినట్టు రొట్టెకు రాసేది. కాబట్టి డబ్బు ఇచ్చేటప్పుడే ‘పాటే వద్దు’ అని స్పష్టంగా చెప్పు. రొట్టె కోసి రాయడం మొదలుపెట్టాక చెబితే వాళ్లకూ నష్టం, నీకూ ఇబ్బంది. ఒకే కత్తి, ఒకే బల్ల మీద అన్నీ కోస్తారు. అది నీకు పట్టింపైతే వాళ్లను ప్రశ్నలతో నిలబెట్టకుండా చాయ్ దుకాణానికి వెళ్లు.

చాయ్ అంటే మన టీ కాదు. వాళ్ల భాషలో శాకాహారం. బౌద్ధులు చాంద్రమానపు నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం మానేస్తారు, మన వాళ్లు ఏకాదశికి, కార్తీక సోమవారాలకు నియమం పట్టినట్టే. కొందరు ఏడాది పొడవునా అలాగే ఉంటారు. వాళ్ల కోసం పూర్తిగా చాయ్ వంటకాలే చేసే దుకాణాలు ఆ ఊళ్లో ఉన్నాయి. నియమంగా నడిపేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మామూలు దుకాణంలో టోఫూ శాండ్‌విచ్ ఉంటుంది కానీ దాన్ని నానబెట్టిన రసంలో నూక్ మామ్ ఉండవచ్చు. నూక్ మామ్ అంటే చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం, వాళ్ల వంటకు అది ప్రాణం. తెల్లగా రాసే మెయొనీజ్‌లో గుడ్డు ఉంటుంది. నీతో పూర్తి శాకాహారి స్నేహితులు వస్తే ఈ రెండూ వాళ్లకు ముందే చెప్పు, తిన్న తరువాత చెప్పకు.

ఇక పలకరించలేదన్న సంగతి. అమ్మలూ, మన ఊరి కాకా హోటల్లో పొద్దున ఏడింటికి ఇడ్లీ కోసం నిలబడినప్పుడు ఎవరైనా ‘రండి, బాగున్నారా’ అన్నారా? పొయ్యి దగ్గర మనిషి తలెత్తడు, చేయి మాత్రం ఆగదు. ఆ ఇడ్లీ రుచి గురించి ఈ రోజుకీ చెప్పుకుంటాం. ఈ దుకాణాలూ అలాంటివే. తెల్లవారుజామున లేచి ముల్లంగి, క్యారెట్ తరిగిన చేతులు అవి. వెనక గదిలో రొట్టె కాలుతుంటుంది, ముందు ఫోను మోగుతుంటుంది, వరుసలో పదిమంది పనికి ఆలస్యమవుతోందని గడియారం చూసుకుంటుంటారు. గోడలకు రంగు లేదు, కుర్చీలు నాలుగే, మూలన అట్టపెట్టెలు, గల్లా పక్కన చిన్న పూజాపీఠం మీద పండ్లు, అగరువత్తులు. అద్దె, అలంకారం, నవ్వుతూ నిలబడే మనిషి జీతం, ఇవన్నీ కలుపుకుంటే ఆ రొట్టె ఆ ధరకు రాదు. నేను వెళ్లిన కొత్తలో రెండు డాలర్ల చిల్లర ఉండేది, ఇప్పుడు దాదాపు మూడింతలైంది. అయినా ఆ ఊళ్లో ఆ డబ్బుకు అంత కడుపు నింపేది మరొకటి నేను చూడలేదు.

గల్లా దగ్గర ఉన్నావిడను ‘కో’ అని పిలువు. అంటే అత్త, పిన్ని అన్నట్టు. మగవారైతే ‘చూ’, అంటే బాబాయి. వాళ్ల భాషలోనూ మనలాగే ముక్కూముఖం తెలియని మనిషిని కూడా వరుస పెట్టే పిలుస్తారు. నువ్వు, నేను అన్న మాటలకు బదులు కూడా వరుసలే వాడతారు. ఈ సంగతి మా ఫ్యాక్టరీ ఆవిడ చెప్పినప్పుడు అంత దూరదేశంలో నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఇచ్చింది అందుకుంటూ ‘కామ్ అన్’ అను, కృతజ్ఞత చెప్పినట్టు. ఉచ్చారణ సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు. మొదటిసారి ఆవిడ ముఖంలో మార్పు కనిపించకపోవచ్చు. నాలుగోసారికి నీ రొట్టెలో మిరపకాయ ముక్కలు రెండు ఎక్కువ పడతాయి. ఆవిడ ఆప్యాయత అలాగే తెలుస్తుంది.

వెళ్లేటప్పుడు చిన్న నోట్లు తీసుకెళ్లు. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, కొన్నిచోట్ల ఇంత మొత్తం దాటితేనే తీసుకుంటారు. వరుసలో నిలబడి ఉండగానే ఏం కావాలో తేల్చుకో. గల్లా ముందుకు వచ్చాక బోర్డు చూడటం మొదలుపెడితే వెనకవాళ్లను నిలబెట్టినట్టే. చీటీ పారేయకు, దాని మీద అంకె ఉంటుంది. ముందు వాళ్ల భాషలో పిలుస్తారు, పలకకపోతే ఇంగ్లీషులో. గల్లా పక్కన డబ్బా ఉంటే తిరిగి వచ్చిన చిల్లర అందులో వెయ్యి, నీకు అది ఎంతో కాదు. ఐదు కొంటే ఆరోది ఉచితమనే చోట్లూ ఉన్నాయి. నీ గదిలో నలుగురున్నారు కదా, కలిసి కొనండి.

ఇప్పుడు అసలు విషయం, రొట్టె. దుకాణం మంచిదో కాదో దాని మీదే తేలుతుంది, లోపలి కూర మీద కాదు. పైపొర పలచగా ఉండి, నొక్కితే అప్పడంలా చిట్లాలి. లోపల దూదిలా తేలికగా ఉండాలి. ఫ్రెంచివాళ్ల రొట్టెలా గట్టిగా, నమలడానికి దవడ నొప్పి పుట్టేలా ఉండకూడదు. కొరికినప్పుడు ఒళ్లో పెచ్చులు రాలకపోతే అది నిన్నటి రొట్టె. దుకాణంలో అడుగు పెట్టగానే వేడి రొట్టె వాసన రావాలి, మంచి చోట రోజుకు ఎన్నోసార్లు కాలుస్తారు. పొద్దున గాని, మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు గాని వెళ్లు. లోపల ముల్లంగి, క్యారెట్ సన్నని పుల్లలుగా తరిగి వెనిగర్, పంచదార, ఉప్పులో ఊరవేసిన డో చువా ఉంటుంది. కీరా, కొత్తిమీర కాడలతో సహా, పచ్చిమిర్చి. డో చువా పిసికినట్టు మెత్తబడి ఉంటే ఆ దుకాణం వదిలేయి. కరకరలాడాలి. వెన్నలాంటి కొవ్వును ఆ పులుపు కోస్తుంది, మిరప లేపుతుంది, కొత్తిమీర చల్లబరుస్తుంది. కొత్తిమీర తీసేయమని అడిగేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నువ్వు ఆ పని చేయకు.

ఈ రొట్టె అక్కడికి ఎలా వచ్చిందో కూడా నీకు తెలిసి ఉండాలి, మన ఊరికి దగ్గరి కథ కాబట్టి. ఫ్రెంచివాళ్లు 1859లో వియత్నాం దక్షిణాన ఉన్న సైగాన్ నగరాన్ని పట్టుకున్నారు. వాళ్ల వెంట రొట్టె వచ్చింది. ఆ వేడి నేలలో గోధుమ పండదు, పిండి ఓడల్లో దిగేది, అందుకే చాలాకాలం అది దొరల తిండి. 1954లో జెనీవా ఒప్పందంతో దేశం రెండుగా చీలి, ఉత్తరాది నుంచి లక్షలమంది దక్షిణానికి వలస వచ్చారు. అలా వచ్చిన ఒక జంట 1958లో సైగాన్‌లో హోవా మా అనే దుకాణం తెరిచింది. పళ్లెంలో పెట్టుకుని తీరికగా తినే రొట్టె, మాంసాలను, పనికి పరుగెత్తేవాళ్ల కోసం ఒకదానిలో ఒకటి కూర్చి చేతికిచ్చింది. చూశావా, మొదటినుంచీ అది తీరిక లేనివాళ్ల తిండే. ఆ ఫ్రెంచివాళ్లే మన పక్కనున్న యానాంనూ ఏలారు. అదే 1954లో యానాం పాలన భారతదేశం చేతికి వచ్చింది. మీ తాతగారు యానాం సంతకు వెళ్లి వచ్చిన కథలు చెబుతుంటే విన్న నాకు, సైగాన్ నుంచి వచ్చిన ఆవిడ చేతి రొట్టె పరాయిది అనిపించలేదు.

1975 ఏప్రిల్ 30న సైగాన్ ఉత్తరాది కమ్యూనిస్టుల చేతికి చిక్కాక పడవల్లో, విమానాల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు శాన్ హోసేలో స్థిరపడ్డారు. ఇవాళ ఆ ఊళ్లో వాళ్లు లక్షకు పైగా ఉన్నారు. 1983లో అక్కడే మొదలైన లీస్ శాండ్‌విచెస్ తరువాత ఎన్నో ఊళ్లకు పాకింది. నీకు మొదటిసారి మరీ బెరుకుగా ఉంటే అక్కడికి వెళ్లు, బోర్డు ఇంగ్లీషులో తేలికగా ఉంటుంది. తరువాత చిన్న దుకాణాలకు వెళ్లు. గల్లా దగ్గర తెల్లజుట్టు మనిషి కనిపిస్తే తన వెనక ఏం వదులుకుని వచ్చిందో మనకు తెలియదు. తనంతట తాను చెబితే విను. ‘మీరు పడవలో వచ్చారా’ అని మాత్రం ఎన్నడూ అడగకు.

కాఫీ ఒక్కసారైనా తాగు. కా ఫే సూఆ డా అని అడగాలి. నల్లగా వేయించిన గింజల డికాక్షన్ చుక్కచుక్కగా దిగుతుంది, మన ఫిల్టర్ కాఫీ కంటే గాఢం. ఒకప్పుడు తాజా పాలు సులువుగా దొరకని దేశం కనుక డబ్బా చిక్కపాలు కలపడం అలవాటైంది. మన మిల్క్‌మెయిడ్ లాంటిదే. మంచుగడ్డల మీద పోసి ఇస్తారు. సాయంత్రం నాలుగు దాటాక తాగకు, నిద్ర పట్టదు. పరీక్షల రోజుల్లో అసలే వద్దు. చెరకురసం ఉంటే అది తాగు, అందులో చిన్న నారింజలాంటి పుల్లని కాయ కలిపి తీస్తారు, వేసవికి హాయిగా ఉంటుంది.

కొన్న రొట్టెను అరగంటలోపే తినాలి. వేడి రొట్టెను ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి తీసుకెళితే దాని ఆవిరికి అదే మెత్తబడిపోతుంది. కాగితపు సంచిలో, మూతి తెరిచి పట్టుకో, బస్సులో ఒళ్లో నిలువుగా పెట్టుకో. క్లాసు తరువాత తినాలనుకుంటే డో చువా, మిర్చి వేరే పొట్లంలో ఇమ్మని అడుగు, ఇస్తారు. ఒట్టి రొట్టెలు కూడా అమ్ముతారు. రెండు తెచ్చుకుంటే మర్నాడు పొద్దున పైన నీళ్లు చిలకరించి, ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టు, మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో పెట్టకు, తోలులా సాగుతుంది. వేడి రొట్టెలో మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి, కాస్త వెన్న రాసి, పైన పచ్చి ఉల్లిపాయ పెట్టుకుని తిను. నేను రాత్రి షిఫ్టులో మా ఫ్యాక్టరీ ఆవిడకు ఇదే పెట్టాను. ఆ తరువాత ప్రతి శుక్రవారం నాకు రొట్టె తనే తెచ్చేది, పచ్చడి సీసా నా వంతు.

ఈ శనివారమే వెళ్లు. పదకొండు గంటలకు, చిన్న నోట్లతో. ‘కో, గా ఒకటి, పాటే వద్దు’ అను. ఎలా ఉందో మీ అమ్మకు కాదు, నాకు రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ