మధ్యలో కాలేజీ మారాలంటే...

ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్ మొదటి సంవత్సరం పూర్తిచేశాను. నాన్నకు పక్షవాతం వచ్చింది. వరంగల్‌లో ఇంటి దగ్గరి కాలేజీకి మారాలనుకుంటున్నాను. రెండూ జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలే. అక్కడ ఇమడగలనా?
– ఒక విద్యార్థిని

జవాబు: తప్పక ఇమడగలవమ్మా. ముందు అక్కడ నీ బ్రాంచిలో సీటు ఖాళీ ఉందేమో కనుక్కో. ఉంటే రెండు కాలేజీల నుంచీ నిరభ్యంతర పత్రాలు తీసుకో. బదిలీ కోసం పెట్టే దరఖాస్తుకు నాన్నగారి వైద్య పత్రాలు జతచేయి. అనుమతి చేతికి రాకముందే టీసీ మాత్రం తీసుకోవద్దు, రెంటికీ చెడతావు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈ-పాస్‌లోనూ మార్పు నమోదు చేయించు.

నేను పాఠాలు చెప్పే రోజుల్లో మధ్యలో చేరిన పిల్లలు చివరి బెంచీలో గోడవైపు ఒదిగి కూర్చునేవారు. చూస్తే మనసు చివుక్కుమనేది. నువ్వలా కూర్చోకు. ల్యాబ్‌లో నీ బ్యాచ్ వాళ్లను ముందు పలకరించు. రికార్డు అడిగితే ఇవ్వనన్న పిల్లను నేనెన్నడూ చూడలేదు.