అమెరికా వన్యప్రాణి రెఫ్యూజ్‌లలో ట్రాన్స్‌పోర్ట్ ఫెలోషిప్ జువాలజీ వాళ్లకేనా?

కాదు, ఇది ప్రధానంగా సివిల్ ఇంజనీరింగ్, అర్బన్ ప్లానింగ్ లాంటి కోర్సులు కొత్తగా పూర్తిచేసినవాళ్ల కోసం. పేరు పబ్లిక్ ల్యాండ్స్ ట్రాన్స్‌పోర్టేషన్ ఫెలోస్. మోంటానా స్టేట్ యూనివర్సిటీలోని వెస్టర్న్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. ఎంపికైనవాళ్లు ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థకి చెందిన రెఫ్యూజ్‌లలోనో (అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతాల్లోనో) ఆఫీసుల్లోనో సుమారు ఏడాది పనిచేస్తారు.

అడవిలో ట్రాఫిక్ ప్లానర్‌కి ఏం పని అనిపించడం సహజమే. ఆ దేశంలో ఇలాంటి రెఫ్యూజ్‌లు 560కి పైగా ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల జనం కార్లలోనే వస్తారు. దాంతో రోడ్లు, పార్కింగ్, వాహనాల కింద పడే జంతువులు, అన్నీ రెఫ్యూజ్ సిబ్బంది నెత్తినే పడతాయి. వాళ్లలో ఎక్కువమంది జీవశాస్త్రం చదివినవాళ్లు, ట్రాఫిక్ లెక్కలు వాళ్ల చదువులో లేవు.

ఉదాహరణకి ఫ్లోరిడాలో సానిబెల్ దీవి మీదున్న డింగ్ డార్లింగ్ రెఫ్యూజ్. లోపల సుమారు 6 కిలోమీటర్ల వన్‌వే దారి. ఆటు సమయంలో బురదలోకి గులాబీరంగు స్పూన్‌బిల్ పక్షులు దిగాయంటే చాలు, ముందు కారు ఆగుతుంది, వెనక వరస కట్టేస్తుంది. ఇలాంటి చోట ఏ గంటకి ఎన్ని కార్లు వస్తున్నాయి, సందర్శకుల్ని కలిపి తిప్పే ట్రామ్ బండ్లు పెంచితే కార్లు ఎంత తగ్గుతాయి అన్నది తేల్చడం ప్లానర్ పని.

చాలామంది పొరబడేది ఇంకోటుంది: ప్లానింగ్ అంటే అడవిలో కొత్త రోడ్లేయడం అనుకుంటారు. నిజానికి షటిల్ బస్సు, సైకిల్ బాట, దగ్గర్లోని ఊరి బస్సు రూటుతో కలపడం లాంటివే ఎక్కువ.