ఏసీలో గ్యాస్ తగ్గిందంటే లీకు ఉన్నట్టే: ఆ బిల్లు మీ దగ్గర ఉందా?

ప్రశ్న: 2021 జూన్ 12న కొత్త కారు కొన్నాను. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇచ్చారు. 2024 మే 18న ఏసీ చల్లదనం తగ్గిందని కంపెనీ సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్తే గ్యాస్ నింపి, డబ్బు తీసుకుని పంపించారు. జులై 9న మళ్లీ అదే సమస్యతో వెళ్లాను. కూలింగ్ కాయిల్ లీకవుతోంది, వారంటీ అయిపోయింది, రూ. 42,000 అవుతుందన్నారు. అంత ఇచ్చుకోలేక బయటి గ్యారేజీలో మూడుసార్లు గ్యాస్ నింపించాను. పోయిన ఏడాది మేలో శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక మా అమ్మ ఉక్కకు సొమ్మసిల్లిపోయింది. ఈ జూన్ మొదటి వారంలో కంప్రెసర్ పట్టేసింది. గ్యారేజీ ఆయన దాన్ని విప్పి చూసి, మళ్లీ బిగించి, రూ. 6,500 ఇస్తేగాని కారు ఇవ్వనంటున్నాడు. అందులో రూ. 1,500 పాత బాకీ. మా బావమరిది రెండో తాళంతో రాత్రికి తెచ్చేద్దామంటున్నాడు. కంపెనీ మీద, గ్యారేజీ మీద కేసు వేయవచ్చా? అసలు ఈ ఏసీ ఇప్పుడు ఎక్కడ బాగుచేయించాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు శ్రీశైలం ప్రయాణమే. నాలుగో పేజీ చివర, చోటు మిగిలింది కాబట్టి రాసినట్టుగా, ‘మే నెల జాబ్ కార్డు ఎక్కడో ఉండాలి’ అన్నారు. కారు తీసుకునేటప్పుడు మీ ఫిర్యాదు రాసి సర్వీసు సెంటర్ ఇచ్చే కాగితమది. మీ కేసు మొత్తం ఆ ‘ఎక్కడో’ అన్న చోట ఉంది. ఈ పూటే వెతకండి.

ఎందుకో చెబుతాను. కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతున్నట్టే. మీరు పంపిన బిల్లు ఫోటో సగం మీ వేలి నీడలో ఉంది. అయినా ఒక పంక్తి చదవగలిగాను: ‘గ్యాస్ టాప్ అప్, 280 గ్రాములు’. బానెట్ కింద అంటించిన స్టిక్కరు ఫోటోలో మొత్తం పట్టే గ్యాస్ 450 గ్రాములని ఉంది. అంటే 2024 మే 18 నాటికే సగానికి పైగా గ్యాస్ పోయింది. ఏళ్లు గడిస్తే రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా తగ్గుతుందని కంపెనీ వకీలు వాదిస్తారు. అది నిజమే, కానీ మూడేళ్లలో సగం పోవడం ఆ లెక్కలోకి రాదు.

వారంటీ 2024 జూన్ 11 వరకు ఉంది. మే 18న మీరు ఫిర్యాదు చేశారు. గ్యాస్ తగ్గిందని వారే గుర్తించి, వారి చేత్తోనే బిల్లులో రాశారు. లీకు ఎక్కడుందో వెతకకుండా పైన గ్యాస్ పోసి పంపారు. ఏడున్నర వారాలకు అదే గ్యాస్ మళ్లీ పోయింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు. కాబట్టి మీరు అడగాల్సింది ‘వారంటీ అయిపోయాక కాయిల్ పోయింది, జాలి చూపండి’ అని కాదు, ‘వారంటీలో ఉండగా మీ ముందుకు తెచ్చిన లోపాన్ని మీరు వెతకలేదు’ అని. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

ఇక తేదీల సంగతి. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి దారితీసిన సంఘటన, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. కాయిల్ లీకవుతోందని, ఉచితంగా మార్చబోమని మీకు తెలిసింది 2024 జులై 9న. ఎస్టిమేట్ కాగితం మీద ఆ తేదీ ఉంది. రెండేళ్లు 2026 జులై 9తో ముగుస్తాయి. మీ ఉత్తరం నాకు అందింది జూన్ 10న. ఈ రెండేళ్లూ ఏం చేశారంటే, కస్టమర్ కేర్‌కు పదకొండు ఈమెయిళ్లు పంపారు. ‘మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది’ అన్న జవాబులు భద్రంగా దాచుకున్నారు. ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచినంత మాత్రాన కాలపరిమితి పెరగదు. జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసినా పెరగదు. చదువుకున్నవారు, ఉద్యోగంలో నెలాఖరు తేదీలు లెక్కబెట్టేవారు, ఇక్కడ మాత్రం క్యాలెండరు చూడలేదు.

వ్యాజ్య కారణం మే 18నే పుట్టిందనీ, గడువు దాటిందనీ ఎదుటి పక్షం అనవచ్చు. లీకు కాయిల్‌లో ఉందని మే నెలలో మీకు ఎవరూ చెప్పలేదన్నది మీ సమాధానం. అయినా జాగ్రత్త కోసం సెక్షన్ 69(2) కింద ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ కూడా ఫిర్యాదుతో పాటే వేయండి.

ఇప్పుడు మీ బావమరిది సలహా. ఆ తాళం ఆయన చేతిలోంచి వెంటనే తీసుకోండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, ఒక వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవారు ఆ పనికి రావాల్సిన కూలి అందేదాకా దాన్ని తమ దగ్గర ఉంచుకోవచ్చు. ఇక భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద ఇచ్చిన ఉదాహరణ చూడండి: గడియారం బాగుచేయించుకున్న మనిషి, కూలి బాకీ ఉండగా, దుకాణదారు హామీగా ఉంచుకున్న తన సొంత గడియారాన్నే, ఆ హామీని పోగొట్టే ఉద్దేశంతో పట్టుకుపోతే అది దొంగతనం. గడియారం బదులు కారు పెట్టి చదువుకోండి. ఆర్‌సీ మీ పేరు మీద ఉన్నంత మాత్రాన రక్షణ లేదు. మూడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం అది. రూ. 42,000 కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సిన మీరు బెయిలు కోసం కోర్టుకు వెళ్తారు.

అయితే కారు అట్టిపెట్టుకునే ఆ హక్కు ఈసారి చేసిన పని కూలికి మాత్రమే వర్తిస్తుంది, పాత బాకీకి కాదు. రూ. 5,000 ఇవ్వండి. ‘అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని రసీదు మీద రాయించుకోండి. రూ. 1,500 ఒప్పుకున్న బాకీయే అయితే అదీ పారేసి గొడవ వదిలించుకోండి. పగటిపూట, తలుపు ముందు నుంచే కారు తెచ్చుకోండి.

గ్యారేజీ మీద కేసు గురించి ఎక్కువ చెప్పను. మూడుసార్లు గ్యాస్ నింపించి ఒక్క బిల్లూ తీసుకోలేదు. ఫోనులో చెల్లింపులు కనిపిస్తాయి గానీ దేనికి చెల్లించారో కనిపించదు. ఏ గ్యాస్ పోశారో, నూనె వేశారో లేదో తెలియదు. లీకున్న కారుకు లీకు కట్టకుండా గ్యాస్ పోయించుకున్నది మీరే. కంప్రెసర్ లోపల తిరిగే నూనె గ్యాస్‌తో పాటే ప్రయాణిస్తుంది. గ్యాస్ తక్కువైతే నూనె సరిగా అందక కంప్రెసర్ అరిగి పట్టేస్తుంది. కానీ ‘బయట తప్పు గ్యాస్ పోశారు’ అని కంపెనీ అంటే కాదనడానికి మీ దగ్గర కాగితం లేదు. అందుకే ప్రధాన కోరిక కాయిల్, దాని కూలి, మే బిల్లు సొమ్ము వరకే ఉంచండి. కంప్రెసర్‌ను వేరే పేరాలో, నిపుణుడి నివేదిక అనుకూలంగా వస్తేనే అడగండి.

బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుందా అని చాలామంది అడుగుతారు. అలా గంపగుత్తగా రద్దు చేయకూడదని, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014లో కార్ల కంపెనీల కేసులో చెప్పింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. మీ కేసుకు దాని అవసరమూ లేదు. మీరు బయటికి వెళ్లినది వారంటీ ముగిశాక.

ఎక్కడ బాగుచేయించాలన్నారు. ముందు పరీక్ష, తర్వాతే మరమ్మతు. సేవాలోపాన్ని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో చెప్పింది. కాబట్టి అదే కంపెనీకి చెందిన వేరే డీలరు దగ్గరికి వెళ్లండి. నైట్రోజన్ ఒత్తిడితో లీకు పరీక్ష చేయమని జాబ్ కార్డులోనే రాయించండి. ఆ పరీక్ష ఫలానా రోజు, ఫలానా గంటకు జరుగుతుందని పాత సర్వీసు సెంటర్‌కు, కంపెనీకి స్పీడ్ పోస్టులో ముందే తెలియజేయండి. వారు రాకపోతే మంచిదే, ‘మా పరోక్షంలో చేశారు’ అనే మాట వారి నోటి నుంచి రాదు. వీడియో తీయండి. దాన్ని వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చేటప్పుడు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఆ వీడియోకు ధ్రువపత్రం జోడించండి. లీకు ఎక్కడుందో సంతకంతో నివేదిక తీసుకోండి.

ఆ తర్వాత ఎండకు తట్టుకోలేకపోతే బాగుచేయించుకోండి, తప్పులేదు. పాత కాయిల్, పాత కంప్రెసర్ మాత్రం ఇంటికి తెచ్చుకోండి. ‘పాత సామాను ఇచ్చేస్తే బిల్లులో రెండు వేలు తగ్గిస్తాం’ అంటారు. ఆ రెండు వేలకు మీరు అమ్మేది సాక్ష్యం. సంచిలో పెట్టి, తేదీ రాసి, మెకానిక్ సంతకంతో అంటించి ఉంచండి. అవసరమైతే కమిషన్ దాన్ని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద ప్రయోగశాలకు పంపగలదు.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లాలోనే, ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా ఫరవాలేదు. డీలరును, తయారీదారును ఇద్దరినీ చేర్చండి. రుసుము చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. మీ కారు రూ. 9.4 లక్షలు కాబట్టి రూ. 200. ఆన్‌లైన్‌లో వినియోగదారుల కేసుల పోర్టల్ ఈ-జాగృతిలో వేసేటట్టయితే ఆఖరి రోజు దాకా ఆగవద్దు. నోటీసు ఇవ్వడం తప్పనిసరి కాదు, ఇస్తే వారం గడువు చాలు. జులై మొదటి వారంలోపు ఫిర్యాదు లోపలికి వెళ్లాలి.

మీ అమ్మగారిని ఆ రోజు చూపించిన ఆసుపత్రి చీటీ ఉంటే జతచేయండి. లేకపోతే శ్రీశైలం ప్రయాణం ఫిర్యాదులో రెండు వాక్యాలకు మించకూడదు.